కనబడని అతిథే క్షేమం

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ముందుగది గోడకు ఒక పలక తప్పనిసరి. క్రీస్తు ఈ గృహమునకు అధిపతి అనీ, ప్రతి భోజనంలోనూ కనబడని అతిథి అనీ దానిమీద బంగారు రంగు అక్షరాలుంటాయి. ఇంతకన్నా పొదుపైన ఆతిథ్యం లోకంలో మరొకటి లేదు. కనబడని అతిథికి పక్క దులపనక్కర్లేదు, స్నానానికి నీళ్లు కాచనక్కర్లేదు. కూరలోని మెత్తని ముక్కలు ఆయనకు వడ్డించారా, అల్లుడికి వడ్డించారా అని ఎవరూ లెక్క చూడరు. చిక్కంతా కనబడే అతిథులతోనే.

"ఆతిథ్యము చేయ మరవకుడి" అని బైబిల్లోని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం హెచ్చరిస్తుంది. మనం మరవలేదు. ఆ వాక్యాన్ని సండే స్కూలు పిల్లలచేత కంఠస్థం చేయించి, తప్పు లేకుండా అప్పజెప్పినవారికి స్టీలు గిన్నెలు బహూకరించాం. కొందరు ఎరుగకుండానే దేవదూతలకు ఆతిథ్యమిచ్చారని కూడా అక్కడే ఉంది. ఆ రోజుల్లో విచారణ పద్ధతులు లేకపోవడం వల్ల జరిగిన పొరపాటది.

అబ్రాహామునే చూడండి. మమ్రే సింధూరవనం దగ్గర మిట్టమధ్యాహ్నం గుడారపు వాకిట కూర్చున్నాడు. ముక్కూ మొహం తెలియని ముగ్గురు కనిపిస్తే పరుగెత్తి వెళ్లి సాష్టాంగపడ్డాడు. మూడు మానికల పిండితో రొట్టెలు చేయమని భార్య శారాకు పురమాయించి, లేత దూడను వండించాడు. మూడు మానికలంటే 20 లీటర్ల పైమాటే, తినేది ముగ్గురు! వండి పెట్టాల్సిన శారాను ఒక్క మాట అడిగిన దాఖలా లేదు. (ఈ సంగతి మన ఇళ్లలో ఇప్పటికీ బైబిలు ప్రకారమే జరుగుతోంది.)

ఆ ముగ్గురే ఇప్పుడు మన అపార్ట్‌మెంటుకు వస్తే ముందు వాచ్‌మన్ పుస్తకంలో సంతకం పెట్టాలి. పైకి వచ్చాక తలుపు సందులోంచి మనం సౌమ్యంగా అడుగుతాం: "ఏ సంఘమండీ? లూథరనా, బాప్టిస్టా, పెంతెకోస్తా?" అది తేలాక, "అసలు మీది ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?" ఆ చివరి ప్రశ్న దేనికో అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు. క్రీస్తులో అందరం ఒక్కటే కాబట్టి పైకి మాత్రం అనం.

మందిరంలో ఇంత కాఠిన్యం ఉండదు. "మొదటిసారి వచ్చినవారు దయచేసి లేచి నిలబడండి" అంటారు. చప్పట్లు, స్వాగత గీతం, ఫోను నంబరు రాసుకోవడం అన్నీ పద్ధతిగా సాగుతాయి. ఆరాధన ముగిశాక చెప్పుల దగ్గర తలా ఒక "వందనాలండీ" అప్పగించి ఎవరి బండి వారు వెతుక్కుంటారు. కొత్తగా వచ్చినవాడు బస్టాపు ఎటో కనుక్కుని వెళ్లి, అరటిపండ్ల బండి దగ్గర మధ్యాహ్న భోజనం ముగిస్తాడు.

మనకు అసలు ఆతిథ్యమే రాదనడం మాత్రం అన్యాయం. సభలకు వచ్చే ప్రసంగీకుడికి ఏసీ గది, రొయ్యల వేపుడు, వెళ్లేటప్పుడు కవరు. ఆదిమ సంఘంలో 'దిదకే' అనే చిన్న పుస్తకం ఉండేది. ఊరూరా తిరిగే అపొస్తలుడు ఒక రోజు, అవసరమైతే రెండు రోజులు ఉండవచ్చనీ, మూడో రోజూ ఉన్నా, డబ్బు అడిగినా వాడు అబద్ధ ప్రవక్త అనీ అందులో రాసి ఉంది. శతాబ్దాలపాటు కనుమరుగైన ఆ పుస్తకం 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరకడం మన సభల నిర్వాహకులకు తీరని నష్టం.

విందు చేస్తే స్నేహితులనూ, బంధువులనూ, ధనవంతులైన పొరుగువారినీ కాకుండా బీదలనూ వికలాంగులనూ పిలవమని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పాడు. అయితే ఆయన పగటి విందు, రాత్రి విందు అన్నాడే తప్ప సాయంత్రం కేకు మాట ఎత్తలేదు. మన క్రిస్మస్ పిలుపులన్నీ ఆ సందులోంచే నడుస్తున్నాయి.

కాబట్టి ఈ డిసెంబరులో మన వైపు రాదలచిన దేవదూతలకు మనవి. సంఘ కాపరి సిఫారసు లేఖ, ఆధార్ నకలు వెంట తెచ్చుకోండి. రెక్కలుంటే దాచకండి, పోల్చుకోవడం తేలిక. ముందుగా ఫోను చేయండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు మాత్రం రావద్దు. అది మేం పడుకునే వేళ.