మూడు రోజులు, 23 చోట్లు

(మ్యూనిక్‌లో కూతురి ఇల్లు. జూన్ నెల కాబట్టి రాత్రి తొమ్మిదైనా కిటికీలో వెలుతురు పోలేదు. పెళ్లయి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా అల్లుడు స్టాక్‌హోంకు మూడు రోజుల ప్రయాణం కానుకగా ఇచ్చాడు. కానుక వరకూ బాగానే ఉంది. ఇద్దరినీ ఒకే విమానంలో పంపుతున్నాడు, అదీ చిక్కు. ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైన సాంబశివరావు బల్ల మీద కాగితం పరిచి స్కేలుతో గళ్లు గీస్తున్నాడు. విశాలాక్షి నేల మీద చతికిలబడి చేతిపెట్టె సర్దుతోంది.)

సాంబశివరావు: విను. మొదటిరోజు పదింటికి రాజభవనం. పదీ నలభైకి గామ్లా స్టాన్, అంటే పాత పట్నం. పదకొండూ పదికి...

విశాలాక్షి: ఆరువందల పైచిలుకు గదులున్న భవనాన్ని నలభై నిమిషాల్లో చూస్తారా? మనింట్లో ఉన్నవి మూడు గదులు. వాటిలో కళ్లజోడు వెతకడానికే మీకు గంట పడుతుంది.

సాంబశివరావు: అన్ని గదులూ చూపించరులే. ఆ సీసా ఏమిటి?

విశాలాక్షి: ఆవకాయ.

సాంబశివరావు: చేతిపెట్టెలో ద్రవపదార్థం 100 మిల్లీలీటర్లు దాటితే చాలా విమానాశ్రయాల్లో ఒప్పుకోరు.

విశాలాక్షి: ఆవకాయ ద్రవమా? ముక్క కనబడడం లేదూ?

సాంబశివరావు: ముక్క ఘనం, ఊట ద్రవం. రెండూ కలిస్తే ద్రవం పద్దు కిందకే వస్తుంది. తనిఖీవాళ్లు నీకోసం గరిటె పట్టుకుని ముక్కలు ఏరుతారా?

విశాలాక్షి: అయితే నూనె వంచేసి ముక్కలే తీసుకొస్తాను.

సాంబశివరావు: నూనె లేని ఆవకాయా! ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది విశాలా? కందిపొడి పెట్టు, చాలు. ఇక ఖర్చు సంగతి. అక్కడ క్రోనాలు. ఒక్కోటి తొమ్మిది రూపాయలనుకో. దాల్చినచెక్క బన్ను ఒకటి 40 క్రోనాలంటే, నలభై తొమ్ముల...

విశాలాక్షి: తినేదాన్ని గుణించకండి. ఇక్కడికొచ్చిన మొదటిరోజు కాఫీని రూపాయల్లోకి మార్చుకుంటూ కూర్చుని చల్లారబెట్టుకున్నారు. కాఫీ, బన్ను ముందు పెట్టుకుని తీరిగ్గా కూర్చోవడాన్ని వాళ్లు ఫికా అంటారట. ఆఫీసుల్లో కూడా పని ఆపి మరీ కూర్చుంటారట.

సాంబశివరావు: మా ఆఫీసులో దానికి పేరు పెట్టలేదు గానీ రోజుకు నాలుగుసార్లు జరిగేది. సరే, అమ్మాయినడిగి కొంత నగదు మార్పించు.

విశాలాక్షి: చాలా దుకాణాల్లో నోటిస్తే పుచ్చుకోరట. కార్డు ఉండాల్సిందే.

సాంబశివరావు: అంటే జేబులో డబ్బు పెట్టుకుని పస్తు పడుకోవాలన్నమాట. మెట్రోకు మాత్రం 72 గంటల టికెట్ ఒకటుంది. 65 నిండినవాళ్లకు రాయితీ కూడా... (ఆగిపోతాడు)

విశాలాక్షి: ఇంకేం? మీకు 66 కదా.

సాంబశివరావు: పాస్‌పోర్టులో 64.

విశాలాక్షి: మరిచేపోయాను. బళ్లో వేసేటప్పుడు మామయ్యగారు రెండేళ్లు తగ్గించి రాయించారు కదూ.

సాంబశివరావు: ఆ రెండేళ్ల జీతంతోనే నీ చేతికి గాజులొచ్చాయి. అప్పుడు నువ్వేమీ అభ్యంతరం రాయలేదే!

విశాలాక్షి: నేను రాయలేదు. ఇప్పుడు స్వీడన్ వాళ్లు రికవరీ పెట్టారు. పోనీలెండి, ఆ మెట్రో అంటే నాకు ఇష్టమే. 100 స్టేషన్లుంటే 90కి పైగా స్టేషన్లలో బొమ్మలో శిల్పాలో ఉన్నాయట. ఒక దాంట్లో అయితే గుహలాంటి రాతి కప్పు మీద నీలం రంగు ఆకులూ తీగలూ పాకినట్టు వేశారు. రైలు టికెట్టుతోనే అవన్నీ చూడొచ్చు.

సాంబశివరావు: అది రాశాను, పదమూడో అంశం. పద్నాలుగు, నగర మందిరం. నోబెల్ విందు జరిగే నీలం హాలు అందులోనే ఉంది. గోడలు మాత్రం ఎర్ర ఇటుకవి. నీలం రంగు వేద్దామనుకున్న వాస్తుశిల్పి, ఇటుకల అందం చూసి మనసు మార్చుకున్నాడు. పేరు మాత్రం మారలేదు.

విశాలాక్షి: మీ తమ్ముడికి శాంతమూర్తి అని పెట్టినట్టు.

సాంబశివరావు: వాడి ఊసెందుకిప్పుడు? రెండోరోజు వాసా. ఇందులో మాత్రం నేను తగ్గను.

విశాలాక్షి: మునిగిపోయిన ఓడను డబ్బిచ్చి చూడాలా?

సాంబశివరావు: మునిగిన తీరు విను. 1628 ఆగస్టు 10. తొలి ప్రయాణం. 64 ఫిరంగులు ఎక్కించారు. పట్టుమని 1300 మీటర్లు పోయిందో లేదో, గాలి విసిరేసరికి రేవులోనే ఒరిగి మునిగింది. పైన బరువెక్కువైంది. అసలు ముందే పరీక్షించారు. 30 మందిని ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తించారు. మూడో పరుగుకే ఓడ ఊగిపోతుంటే ఆపించేశారు.

విశాలాక్షి: ఓడనా?

సాంబశివరావు: పరుగును. ఓడను ఎవరాపుతారు? రాజుగారు యుద్ధంలో ఉండి తొందరపెడుతుంటే!

విశాలాక్షి: మరి ఎవరిని ఉరితీశారు?

సాంబశివరావు: (కుర్చీ ముందుకు లాక్కుని) అందం అంతా అక్కడే ఉంది. విచారణ జరిగింది. కొలతలన్నీ రాజుగారు ఒప్పుకున్నవే అన్నారు. కట్టించిన పెద్దమేస్త్రి చూస్తే అంతకు ముందు ఏడాదే పోయాడు. ఎవరికీ శిక్ష లేదు, ఫైలు మూసేశారు! 333 ఏళ్ల తర్వాత, 1961లో ఓడ పైకొచ్చింది గానీ బాధ్యుడు మాత్రం ఇప్పటికీ దొరకలేదు. ఎంత సొంత ఊరిలా అనిపిస్తోందో!

విశాలాక్షి: మొత్తం ఎన్ని చోట్లు రాశారు ఆ కాగితంలో?

సాంబశివరావు: ఇరవై మూడు.

విశాలాక్షి: లేవండి. ఈ వంటింటి నుంచి ఆ బాల్కనీకి మూడుసార్లు పరుగెత్తండి. మీ మోకాళ్లు నిలిస్తే ఇరవై మూడూ చూద్దాం.

(సాంబశివరావు పౌరుషంగా లేస్తాడు. మొదటి విడత బాగానే సాగింది. రెండో విడతలో సోఫా అంచు పట్టుకున్నాడు. మూడో విడత ఫ్రిజ్ దగ్గర ఆగి, అందులో ఏముందో చూడాలని బుద్ధి పుట్టినట్టు తలుపు తెరిచి, ఆ చల్లగాలికి కాసేపు నిలబడ్డాడు.)

విశాలాక్షి: ఏమైంది?

సాంబశివరావు: పరుగు ఆపాను. ప్రయాణం ఆపలేదు.

విశాలాక్షి: ఇలా ఇవ్వండి. (కాగితం లాక్కుని గీతలు కొట్టేస్తూ) మీ ఓడ ఉన్న ద్వీపంలోనే స్కాన్సెన్ కూడా ఉంది. దేశం నలుమూలల నుంచి పాత పల్లెటూరి ఇళ్లు విప్పి తెచ్చి అక్కడ నిలబెట్టారు. 1891 నుంచీ ఉందట. మనం శుక్రవారం కదా దిగేది? ఆ రోజు వాళ్లకు మిడ్‌సమ్మర్ పండుగ. చాలా దుకాణాలు మూసే ఉంటాయి, జనం ఊళ్లు పట్టుకుని పోతారు.

సాంబశివరావు: అదా సంగతి! హోటల్ చవగ్గా దొరికిందని అల్లుడు అన్ని సార్లు ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది.

విశాలాక్షి: స్కాన్సెన్‌లో మాత్రం సందడే సందడి. ఆకులూ పూలూ చుట్టిన ఎత్తైన స్తంభం చుట్టూ పిల్లా పెద్దా అందరూ కప్పల్లా గెంతుతూ పాడతారు. మనమూ గెంతుదాం.

సాంబశివరావు: నేనా? కప్పలాగా?

విశాలాక్షి: మీరే.

(సాంబశివరావు కాగితం వెనక్కి తీసుకుని, మిగిలిన ఒకే ఒక్క గడిలో "శుక్రవారం మధ్యాహ్నం, కప్ప" అని రాసి, కింద స్కేలు పెట్టి గీత గీశాడు.)

సాంబశివరావు: అందులో 65 నిండినవాళ్లకు రాయితీ ఏమైనా ఉందేమో కనుక్కో.

విశాలాక్షి: ఉన్నా మీకు వర్తించదు. పాస్‌పోర్టు ప్రకారం 64.