గులాబీ పురుగు దొరకు దండాలు

నీ బాంచెన్ దొరా, నర్సంపేట దిక్కు నాలుగెకరాల పత్తి రైతును. పాసుబుక్కుల పేరు నాదే గని, కబ్జా మాత్రం నీదే.

దీపావళి కాడ ఒక కాయ పగలగొట్టి చూసిన. పైకి నున్నగ, పచ్చగ, ఒక్క బొక్క లేదు. లోపల గులాబీ చారలేసుకొని, రెండు గింజలు అతికించుకొని నువ్వు పండుకున్నవు. సగం దూది పసుపు రంగు బారి గడ్డ కట్టింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల కొనేటాయన అసొంటి దూదిని రెండు వేళ్లతోటి నలిపి, నా మొఖం దిక్కు చూడకుండనే ధర కోసిండు.

నేను పెట్టింది బీటీ పత్తి, పురుగును చంపే విషం చెట్టుల్నే పుట్టేటట్టు చేసిన విత్తనం. విత్తనాల దుకాణంల అడిగితె "పురుగు బీటీకి అలవాటు పడ్డది కాకా" అన్నడు. మా తమ్ముడు గుడుంబకు అలవాటు పడ్డట్టా? అది నీ మీద నింద దొరా. నువ్వేం నేర్వలేదు. బీటీ విషం పేగు గోడకు అతుక్కుంటెనే పురుగు చస్తది. లక్షలల్ల ఏ ఒక్కదానికో ఆ అతుక్కునే జాగ పుట్టుకతోనే వేరే తీరుగ ఉంటది. మిగిలినయి చచ్చినయి, అది మేసి బతికింది, గుడ్లు పెట్టింది. నెలకో తరం నీది. మా మనుమడు బడికి పోయేలోపల మీ ఇంట్ల ఎన్ని తరాలు మారినయో. ఏ పురుగూ మారలేదు, మంద మారింది. డార్విన్ 1859ల రాసింది గిదే ముచ్చట. పావురాలను ఏరి జత కట్టించి కొత్త జాతులు తీసేటోళ్ల దగ్గర ఆయన చానా నేర్చుకున్నడట. ఇటు దిక్కొస్తె నిన్ను ఏరి పెంచిన నన్ను చూపిద్దును.

బీటీ 2002ల వచ్చె. 2006ల రెండు విషాల విత్తనం వచ్చె. 2010ల గుజరాత్‌ల మొదటి దాన్ని దాటినవని తేలె. 2017కల్ల రెండోది గూడ దాటి మా చెలకలల్లకు దిగితివి. అంతకుముందు 1997-98ల పురుగులు మందుకు లొంగకపోతె, మా జిల్లాల పత్తి రైతులు ఆ మందే తాగి పోయిండ్రు. అది గూడ గిదే లెక్క. మేం సదువలె.

ఇగ నా తప్పు ఒప్పుకుంట. అప్పట్ల 450 గ్రాముల బీటీ సంచి తోటి 120 గ్రాముల ఉత్త పత్తి గింజలు ఇచ్చేటోళ్లు, చేను చుట్టు పెట్టుమని. ఆడ బతికిన ఉత్త పురుగు నీ అసొంటి మొండిదానితోటి జత కడితె, పుట్టే పిల్లలు బీటీ కాయలల్ల చానా మటుకు చస్తయి. "పురుగుకు పెండ్లి సంబంధాలు నేను చూడాల్నా?" అని నవ్వి, ఆ పొట్లం గట్టుమీద పారేసిన. బయటి సంబంధం లేకపాయె, మీ వంశం వంశంలనే చేసుకున్నది. మేనరికం! అరిజోనా రైతులు ఆ గింజలు బుద్ధిగ పెట్టిండ్రు, సర్కారోళ్లు పిల్లలు పుట్టకుండ చేసిన రెక్కల పురుగులను విమానాలల్ల చల్లిండ్రు. 2018ల అమెరికాల నీ పీడ పోయిందని చాటింపేసిండ్రు.

నేనేమో ఇంకో రెండు గంపల దూదికి ఆశపడి, బోరు నీళ్లు పెట్టి మార్చి దాక చేను ఉంచిన. కట్టె పీకి ఇంటెనుక పేర్చిన. మొన్న మా ఇంటామె పొయ్యిలకని విరిస్తె ఒక ఎండు కాయ పగిలింది. జంట గింజల నడుమ ముడుచుకొని, నువ్వే. తొలకరికి లేస్తవట గద.

దుక్కి దున్నుడు మొదలువెట్టిన దొరా.