సవరణ: నల్లమల యురేనియం పోస్టులో నేను రాసిన తప్పు

మొన్నటి పోస్టులో ‘నల్లమలలో యురేనియం తవ్వకాలను 2019లో మన అసెంబ్లీ రద్దు చేసింది’ అని రాశాను. అది తప్పు. 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ అసెంబ్లీ చేసింది ఏకగ్రీవ తీర్మానం. తవ్వకాల ఆలోచన మానుకోమని కేంద్రాన్ని కోరింది, అంతే. అణు ఖనిజాల వ్యవహారం కేంద్రం చేతిలో ఉంటుంది.

మన్ననూర్‌లో టీ తాగుతుంటే ఒక పెద్దాయన నా పోస్టు ఫోన్లో చూపించి, “రద్దయిందని రాసినవ్ గదా బిడ్డా, కాయితమేది?” అని అడిగిండు. నోట మాట రాలేదు. టీ చల్లారిపోయింది.

ఇంకోటి. 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకున్నది తవ్వకాలకు కాదు, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో బోర్లు వేసి అన్వేషించడానికి. రెండూ ఒకటే అన్నట్టు రాశాను. అయితే బోరు బండి అడవిలోకి రావాలన్నా దారి కావాలి కదా. అడవిలోని చెంచు గిరిజనుల పెంటల్లో (చిన్న గూడేల్లో) సర్వే అంటేనే టెన్షన్ పడ్డారంటే అందుకే.

అమ్రాబాద్‌ను మహబూబ్‌నగర్ జిల్లా అనడం నా పాత అలవాటు. 2016 అక్టోబర్ నుంచి అది నాగర్‌కర్నూల్ జిల్లా. పాత పోస్టులో ఈ మూడూ మార్చాను.