ట్రైనర్ ఒక్కరే, తీర్పులు రెండు రకాలు

రేసు గుర్రం శాంపిల్‌లో నిషేధిత మందు దొరికితే జవాబు చెప్పాల్సింది ట్రైనరే. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్నది తర్వాతి మాట. అమెరికా రేసింగ్‌లో ఎప్పటి నుంచో ఉన్న ఈ నియమం ఉండాల్సిందే. తనకేం ఎక్కించారో మూగజీవి చెప్పుకోలేదు. కావాలనే ఇచ్చారని రుజువు చేస్తేనే శిక్ష అంటే ఒక్క కేసూ నిలవదు. నా అభ్యంతరమల్లా అమలు తీరు మీదే.

అమెరికాలో పేరున్న ట్రైనర్ బాబ్ బాఫర్ట్ గుర్రాలనే తీసుకోండి. 2018 ఏప్రిల్‌లో ఆయన గుర్రం జస్టిఫై కాలిఫోర్నియాలో శాంటా అనీటా డెర్బీ గెలిచింది. ఆ రేసు శాంపిల్‌లో స్కోపొలమైన్ అనే నిషేధిత మందు బయటపడింది. మేతలో ఉమ్మెత్త మొక్క కలిసిందని వాదన. అది నిజమే కావచ్చు. కానీ ఆ మాట నలుగురి ముందు తేలాలి కదా! రాష్ట్ర రేసింగ్ బోర్డు విషయం బయటికి పొక్కనివ్వలేదు. ఈలోగా జస్టిఫై కెంటకీ డెర్బీతో మొదలుపెట్టి ట్రిపుల్ క్రౌన్ అనే మూడు పెద్ద రేసులూ గెలిచేసింది. ఆగస్టులో బోర్డు రహస్య సమావేశంలో కేసు కొట్టేసింది. 2019 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ రాస్తే గానీ జనానికి తెలియలేదు. శాంటా అనీటాలో రెండో స్థానంలో నిలిచిన గుర్రం యజమాని కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

2021 కెంటకీ డెర్బీలో కథ మారింది. బాఫర్ట్ గుర్రం మెడీనా స్పిరిట్ రక్తంలో దొరికిన బీటామెథసోన్ మిల్లీలీటరుకు 21 పికోగ్రాములు. గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక పికోగ్రాము. ఇది గుర్రాలకు చికిత్సలో వాడే మందే, రేసు రోజు మాత్రం ఒంట్లో ఉండకూడదు. చర్మం మీద దద్దుర్లకు రాసిన ఆయింట్‌మెంట్ వల్ల వచ్చిందన్నారు. అయినా కెంటకీ అధికారులు 2022 ఫిబ్రవరిలో టైటిల్ రద్దు చేసి రెండో స్థానంలో నిలిచిన మాండలూన్‌ను విజేతగా ప్రకటించారు, బాఫర్ట్‌ను 90 రోజులు సస్పెండ్ చేశారు. కఠినమే, కానీ ఏం జరిగిందో అందరికీ తెలిసింది. అయితే మాండలూన్ గెలుస్తుందని పందెం కాసినవాళ్ల చేతికి మాత్రం డబ్బు రాలేదు. ఆలస్యంగా వచ్చే న్యాయంలో ఎప్పుడూ నష్టపోయేది వాళ్లే.

2023 మే నుంచి అమెరికాలో జాతీయ స్థాయిలో ఒకే డోపింగ్ నిరోధక కార్యక్రమం నడుస్తోంది. మంచి మార్పే. అయితే మెట్‌ఫార్మిన్ లాంటి మందుల కేసులు వచ్చినప్పుడు చిన్న ట్రైనర్లకు టెన్షన్ తప్పదు. అది షుగర్ మాత్ర. గుర్రపుశాలలో పనిచేసే మనిషి చేతి నుంచి మేతలోకి చేరే వీలుంది. పేరున్న ట్రైనర్ లాయర్లను పెట్టుకుని ఏళ్ల తరబడి పోరాడగలడు. పది గుర్రాలున్న ట్రైనర్‌ను సస్పెండ్ చేస్తే, విచారణ ముగిసేలోపే యజమానులు గుర్రాలను వేరే చోటికి తోలుకుపోతారు.

కాబట్టి పొరపాటున అంటుకునే మందులకు ఒక పరిమితి పెట్టాలి. బీ శాంపిల్ (మొదటి ఫలితాన్ని సరిచూసేందుకు చేసే రెండో పరీక్ష) ఫలితం నిర్ణీత రోజుల్లో రావాలి, ఆ గడువు దాటాక ఎంత పెద్ద గుర్రమైనా వివరాలు బయటపెట్టాలి. చిన్న ట్రైనర్ల బీ శాంపిల్ ఖర్చును పందేల ఆదాయం నుంచి భరించాలి. ఒక గుర్రం మీద విచారణ నడుస్తుంటే అది తేలాకే దాన్ని తర్వాతి పెద్ద రేసులో దింపాలి.