మల్టీమీటర్‌ను మా వీధిలోకి రానివ్వొద్దు

నేను మామూలుగా ఏ వస్తువు మీదా నిషేధం కోరే మనిషిని కాను. గుట్కా మీద కోరలేదు, డీజే మీద కూడా (మా ఇంటి వెనకాలే ఫంక్షన్ హాలు ఉన్నా) కోరలేదు. కానీ పసుపు రంగు డబ్బా, మధ్యలో ఒక గుండ్రటి మీట, ఎర్రదొకటి నల్లదొకటి రెండు తీగలు, అంతా కలిపి మూడు నాలుగు వందలకు దొరికే, కరెంటు, వోల్టులు కొలిచే మల్టీమీటర్ అనే వస్తువు నల్లగొండలో ఒక వీధిని ఎట్లా పాడుచేసిందో కళ్లారా చూశాక, ఇక ఊరుకోవడం తప్పనిపించింది.

మొదటి నుంచి చెప్తాను. రామగిరిలో మా ఇంటి ముందు పన్నెండేళ్ల పాత కారు ఒకటి ఉంది. మొన్న వేసవిలో ఒకరోజు పొద్దున తాళం తిప్పితే "టక్" అంది. అంతే. ఇంజిన్ తిరగలేదు, దగ్గలేదు, మూలగలేదు. మా వీధిలో ఈ టక్ శబ్దానికి ఉన్న పలుకుబడి గుడి గంటకు కూడా లేదు. రెండోసారి తాళం తిప్పేలోపు బానెట్ లేచింది, దాని చుట్టూ ఐదుగురు నిలబడ్డారు, ఆరో ఆయన టవల్ భుజాన వేసుకుని పండ్లు తోముకుంటూ వస్తున్నాడు. వీళ్లలో ఒక్కరినీ నేను పిలవలేదు. మా తమ్ముడి పెళ్లికి కార్డులిచ్చి, బొట్టు పెట్టి పిలిచినా ఇంత తొందరగా రాలేదు.

రిటైరైన లెక్కల సారు ముందుగా తీర్పు చెప్పారు: బ్యాటరీ. ఎందుకు సార్ అంటే, ఆయన స్కూటర్‌కు 1994లో బ్యాటరీయే పోయిందట. బోరు మోటార్లు చుట్టే తమ్ముడు బానెట్ లోపలికి తొంగి కూడా చూడకుండా "కార్బన్లు అరిగినయ్ అన్నా, రాసిపెట్టుకో" అన్నాడు. కార్బన్లంటే మోటార్ లోపల రాసుకుంటూ కరెంటు అందించే బొగ్గు ముక్కలు. అతని సిద్ధాంతంలో నాకు నచ్చేది నిలకడ. సీలింగ్ ఫ్యాన్, మిక్సీ, సబ్‌మెర్సిబుల్ పంపు, దేనికైనా కార్బన్లే, వాటిలో కొన్నింటికి అసలు కార్బన్లే ఉండవన్న సంగతి అతన్ని ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఇంటర్ చదివే పిల్లగాడు ఫోన్ చూసుకుంటూనే "సెన్సర్ అంకుల్" అన్నాడు. కిరాణం కాకా మాత్రం మాటలు పెట్టుకోలేదు, దుకాణంలోకి వెళ్లి నకిరేకల్ నిమ్మకాయ ఒకటి, ఏడు పచ్చి మిరపకాయలు దారానికి గుచ్చి తెచ్చి బంపర్‌కు కట్టేశాడు. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడానికి లేదు. నిమ్మకాయలో ఒక రాగి తీగ, ఒక జింకు మేకు గుచ్చితే సుమారు ఒక వోల్టు వస్తుందని బడిపిల్లలకు కూడా తెలుసు. కాకా లెక్కలో తప్పు సంఖ్య దగ్గరే ఉంది. ఇంజిన్‌ను మొదట తిప్పే సెల్ఫ్ మోటార్ తిరగడానికి చిన్న కారుకైనా వంద ఆంపియర్ల పైన కావాలి, ఇంట్లో గీజరు పెట్టే పెద్ద ప్లగ్గు ఇచ్చేదే పదహారు. ఆ లెక్కన నకిరేకల్ మార్కెట్ మొత్తం బంపర్‌కు కట్టినా చాలదు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి, లేకపోతే వ్యాసానికి బరువు రాదు. ఒకప్పుడు కార్లకు ముందు వైపు ఇనప హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేవాళ్లు, ఇంజిన్ ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. ఆ బాధ చూడలేక అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజినీరు 1911లో కరెంటుతో తిరిగే సెల్ఫ్ స్టార్టర్ తయారు చేస్తే, 1912 కాడిలాక్ కార్లలో అది వచ్చింది. మణికట్లు బాగుపడ్డాయి, ఒప్పుకుంటాను. కానీ కెటరింగ్ ఎన్నడూ మా వీధికి రాలేదు. వచ్చి ఉంటే, వంద ఏళ్ల తర్వాత తన యంత్రాన్ని ఆరుగురు కలిసి వెనక నుంచి నూకడం చూసి, తాను చేసింది ఒక సామాజిక కార్యక్రమమని గుర్తించేవాడు.

అవును, నూకుడు. తాళం ఆన్‌లో పెట్టి, రెండో గేరులో వేసి, క్లచ్ తొక్కి పట్టుకుంటే వెనక నుంచి నూకుతారు, వేగం అందుకోగానే టక్కున క్లచ్ వదిలితే ఇంజిన్ అంటుకుంటుంది. ఆటోమేటిక్ గేర్ల బండ్లకు ఈ భాగ్యం లేదు, వాటి యజమానులకు ఇరుగుపొరుగు ఎట్లా పరిచయమవుతారో నాకు అర్థం కాదు. నూకితే స్టార్టయ్యిందంటే పెట్రోలు, స్పార్కు, ఇంజిన్ అన్నీ బాగున్నాయని, లోపం బ్యాటరీ, తాళం, సెల్ఫ్ మోటార్, వాటి మధ్య కరెంటు పోయి వచ్చే దారి, వీటిలోనే ఉందని అర్థమట. ఈ ముక్క ఆ రోజు ఎవరూ అనలేదు, అని ఉంటే తర్వాతి మూడు వారాల ఆనందం ఉండేది కాదు.

ఆ మూడు వారాలు ఎంత నిండుగా గడిచాయో చెప్పాలి.

సీనియారిటీని గౌరవించి ముందు బ్యాటరీ మార్చాం. అంతకు ముందు పాతదాన్ని బతికించే ప్రయత్నం కూడా జరిగింది. మూతలు విప్పితే నీళ్లు తగ్గి ఉన్నాయి, నలభై ఐదు డిగ్రీల ఎండకు అది సహజమే. డిస్టిల్డ్ వాటర్ కోసం ఎవరు పోతారని ఒకాయన బోరు నీళ్లు చెంబుతో తెచ్చి పోశాడు. మా జిల్లా నీళ్ల ఘనత తెలియనిది కాదు, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని ఊరి పేరే పెట్టారు. మనుషుల ఎముకలనే వంచిన నీళ్లు సీసం పలకలను ఏం చేస్తాయో చెప్పనక్కర్లేదు. ఇంకొకాయన లోపల చీకటిగా ఉందని బీడీ అంటించిన అగ్గిపుల్ల అట్లాగే దగ్గరికి తెచ్చాడు. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, అది అంటుకుంటే మూతలతో పాటు మొహం కూడా పోతుంది. ఆ రోజు గాలి బాగా వీచింది కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పితే మళ్లీ టక్. కొత్తది కదా, టక్ మాత్రం ఇదివరకటి కన్నా ఆరోగ్యంగా వచ్చింది.

అప్పుడు కార్బన్ల పార్టీకి అధికారం వచ్చింది. సెల్ఫ్ మోటార్ కిందికి దించి, కార్బన్లు, బుష్‌లు మార్చి, బెండిక్స్‌కు (ఇంజిన్‌ను పట్టుకుని తిప్పే పళ్లచక్రానికి) గ్రీజు పెట్టి బిగించారు. నేను రెండు రోజులు బస్సులో తిరిగాను. మూడో రోజు తాళం తిప్పగానే ఘుర్రుమని స్టార్టయ్యింది. బోరు మోటార్ల తమ్ముడు ఆ సాయంత్రం వీధిలో నడిచిన నడక నేను ఎన్నికల కౌంటింగ్ రోజు మాత్రమే చూశాను. రెండు రోజుల తర్వాత టక్. అతను వెంటనే "అప్పుడు బాగైంది కదా, ఇది వేరే రోగం" అన్నాడు. గెలిచినవాళ్లు అనే మాటే అది, తప్పు పట్టలేం.

స్క్రూడ్రైవర్ ఘట్టం కూడా ఒకటి ఉంది, క్లుప్తంగా ముగిస్తాను. సెల్ఫ్ మీది రెండు బోల్టులను స్క్రూడ్రైవర్‌తో కలిపితే నేరుగా తిరుగుతుందని ఎవరో చెప్తే ఇంకెవరో చేశారు. బండి గేరులో ఉందా లేదా అని ఎవరూ చూడలేదు. ఉంది. పక్కింటి ప్రహరీ గోడకు సిమెంటు ఖర్చు నాదే.

ఆర్ఎంపీ డాక్టర్ గారి ప్రవేశం ఈ దశలోనే. ఆయన పదిసార్లు సెల్ఫ్ కొట్టించి, చెయ్యి లోపలికి పెట్టి, క్లచ్ కేబుల్ పట్టుకుని చూసి "జ్వరం ఉందిరా దీనికి" అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఇంత చక్కగా సాగుతున్న వ్యవస్థలోకి, సెలవులకని మా అమ్మాయి వచ్చింది. పాలిటెక్నిక్ రెండో సంవత్సరం, ఎలక్ట్రికల్. బ్యాగులో ఆ పసుపు డబ్బా ఉంది. పిల్లల బ్యాగులు వెతకకూడదని నేను పాటించిన ఆధునిక పద్ధతికి తగిన శాస్తి జరిగింది.

"డాడీ, లైట్లేసి సెల్ఫ్ కొట్టు ఒకసారి" అంది. కొట్టాను. లైట్లు కొంచెం కూడా తగ్గలేదు. సెల్ఫ్ కొట్టినప్పుడు లైట్లు చచ్చిపోతే బ్యాటరీ దిగిపోయిందని, లేదా దాని టర్మినళ్లు తుప్పు పట్టాయని అట. టకటకటక అని కొట్టుకున్నా అదే జబ్బు. అసలు ఏ శబ్దమూ రాకపోతే తాళం స్విచ్చి, ఫ్యూజు, రిలే చూసుకోవాలట. లైట్లు దేదీప్యంగా వెలుగుతూ ఒక్క టక్ మాత్రమే వస్తే, కరెంటు ఉంది కానీ మోటార్ దాకా పోవడం లేదు, పోయినా తిరిగి రావడం లేదు, లేదా మోటారే పోయింది. "మోటార్ బాగు చేయించాం కదా" అన్నాను గర్వంగా. "అది బాగానే ఉండె డాడీ" అంది. ఈ మాట బోరు మోటార్ల తమ్ముడు వినకుండా రేడియో సౌండ్ పెంచాను.

తర్వాత తీగలు బయటికి తీసింది. బ్యాటరీ మీద 12.6. నిండుగా ఉంది. సెల్ఫ్ కొట్టమని, కొడుతుంటే మళ్లీ చూసింది, 12 దగ్గరే ఆగింది. మంచిదే కదా అన్నాను. కాదట. సెల్ఫ్ నిజంగా తిరిగితే పదిన్నర, పదకొండు దాకా దిగాలి, దిగలేదంటే ఎవరూ తాగలేదనే. ఆ తర్వాత నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ పోస్టుకు, ఎర్ర తీగ ఇంజిన్ ఇనుముకు ఆనించి మళ్లీ కొట్టమంది. ఆ రెంటి మధ్య అర వోల్టు కూడా ఉండకూడదు. ఆరు దాటింది.

ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఒక ఎర్త్ పట్టీ ఉంటుంది, గేరుబాక్స్ మీద బోల్టుతో బిగిస్తారు. ఆ బోల్టు కింద పచ్చగా, తెల్లగా పన్నెండేళ్ల పొక్కు. వచ్చిన కరెంటు తిరిగి పోవడానికి దారి లేక, దొరికిన సన్న దారి వెతుక్కుంటూ క్లచ్ కేబుల్ గుండా పోయింది. అందుకే అది వేడెక్కింది. డాక్టర్ గారు చెప్పింది జ్వరమే! మా వీధి మొత్తంలో రోగాన్ని చేత్తో పట్టుకున్న ఒకే ఒక్క మనిషిని మనిషి డాక్టరని నవ్వి పంపేశాం. సెల్ఫ్ దించి ఎక్కించినప్పుడు ఆ పట్టీ కాస్త కదిలి రెండు రోజులు పనిచేసింది, దాన్నే కార్బన్ల విజయం అనుకున్నాం.

అమ్మాయి బ్యాటరీ నెగటివ్ ముందు విప్పింది (బిగించేటప్పుడు అది ఆఖర్న), గరుకు కాగితంతో పట్టీనీ ఇనుమునీ మెరిసేదాకా రుద్దింది, పానాతో బిగించింది, పైన కొంచెం వాజిలిన్ రాసింది. గరుకు కాగితం పది రూపాయలు. వాజిలిన్ ఇంట్లోదే. మొత్తం నలభై నిమిషాలు, మధ్యలో ఎవరితోనూ ఫోన్‌లో మాట్లాడకపోతే ఇంకా తొందరగా అయ్యేదట.

తాళం తిప్పితే స్టార్టయ్యింది. ఆ రోజు నుంచి అవుతూనే ఉంది.

ఇప్పుడు నష్టం లెక్క చూడండి. మూడు వారాల్లో ఎన్ని టీలు తాగాం, ఎంతమందికి పని దొరికింది, బ్యాటరీ దుకాణం, సెల్ఫ్ మెకానిక్, మేస్త్రి, కిరాణం కాకా నిమ్మకాయ. లెక్కల సారు షుగరు కూడా నూకుడుతో తగ్గిందని ఆయనే చెప్పారు. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, లింగం మీద పగలంతా కదలని నీడ పడుతుంది. ఆ నీడ స్తంభాలది అని లెక్కలేసి తేల్చినా జనం పోవడం మానలేదు, నీడ ఇంకా అక్కడే ఉంది కాబట్టి. నా బండికి ఆ తెలివి లేదు. కారణం తెలిసిన మరుక్షణం టక్ మాయమైంది, దానితో పాటే జనమూ. పొద్దున నేను తాళం తిప్పితే ఎవరూ తలుపు తియ్యరు. సారు తన వరండాలో పేపరు చదువుకుంటూ తల ఎత్తి, ఇంజిన్ ఒక్కసారికే అందుకోగానే మళ్లీ పేపరులోకి దించుకుంటారు. ఆ మొహంలోని నిరాశ నేను చూడలేకపోతున్నాను.

అమ్మాయి పోయిన వారం హాస్టల్‌కు వెళ్లిపోయింది, డబ్బా కూడా తీసుకుపోయింది. నిన్న ఆదివారం తెల్లవారకముందే లేచి, చప్పుడు చేయకుండా బానెట్ ఎత్తి, గేరుబాక్స్ మీది ఆ బోల్టును పానాతో ఒకటిన్నర చుట్టు వదులు చేశాను. ఇంట్లోకి వచ్చి ఎనిమిది కప్పుల టీ పెట్టమన్నాను. ఎందుకన్న ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఏడింటికి బయటికి వెళ్లి, అద్దం దించి, వీధి చివరిదాకా వినపడాలని రేడియో ఆపేసి తాళం తిప్పాను.

టక్.

లెక్కల సారు పేపరు మడిచారు.