మహారాజశ్రీ లిథియం కార్బొనేట్ గారికి

మేనియా (హుషారు, ఉద్రేకం హద్దు దాటే మానసిక జబ్బు) రోగులకిచ్చే మందైన తమరికి సైకియాట్రీ వార్డు సిస్టర్లు చేసుకొను విన్నపం. ఉభయకుశలోపరి. ఉభయ అని మర్యాదకి రాశాం గానీ, తమరు ఒంట్లో కుశలంగా ఉన్నదీ లేనిదీ రక్తం తీస్తే గానీ తెలియదు.

లీటరు సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) 0.6 మిల్లీ ఈక్వివలెంట్లకి తగ్గితే తమరు పని చెయ్యరు. 1.0 దాటితే మాకు కంగారు. 1.5 దాటితే తమరు రోగికి విషమవుతారు. ఆ లెవెల్ కూడా ఎప్పుడు పడితే అప్పుడు తీయనివ్వరు. రాత్రి 9కి మాత్ర వేస్తే పొద్దున 9కి, అదీ పొద్దుటి మాత్ర వెయ్యకముందే తీయాలి. కొత్త అల్లుడు కూడా ఇన్ని మర్యాదలు అడగడు.

1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ గారు తమరిని మేనియా రోగులకిచ్చి కీర్తి తెచ్చిపెట్టారు. అదే ఏడాది అమెరికాలో తమరి దాయాది లిథియం క్లోరైడ్‌ని, ఉప్పు మానేసిన గుండె జబ్బు వాళ్ల కూరల్లో ఉప్పుకు బదులు చల్లితే కొందరు పోయారు. అసలు కిటుకు అక్కడే ఉంది. కిడ్నీలకి తమరూ సోడియమూ ఒకటే. ఒంట్లో ఉప్పు తగ్గితే అవి సోడియంతో పాటు తమరినీ వెనక్కి లాగేసుకుంటాయి. బీపీ అని ఆవకాయ ఒక్కసారిగా మానేసినా, రోహిణి కార్తెలో పొలంలో చెమటోడ్చినా, నిర్జలంగా ఉపవాసం ఉన్నా తమరికి పండగే. అందుకే మేం చెప్పేది, రోజూ తినేంత ఉప్పు తినమని, నీళ్లు తాగమని. ఇంట్లోవాళ్లేమో రోగి రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నాడని సాయంత్రం నుంచీ నీళ్ల చెంబు దాచేస్తారు. ఆ మూత్రం తమరి పుణ్యమే. నీళ్లు ఆపినా అది ఆగదు, ఒళ్లు ఎండిపోయి లెవెల్ పెరుగుతుంది.

మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, బీపీకి వాడే రామిప్రిల్, టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కూడా తమరిని ఒంట్లోంచి కదలనివ్వవు. పారాసిటమాల్‌తో అయితే పేచీ లేదు. ఎస్ఆర్ మాత్రని నూరి పెరుగన్నంలో కలిపిపెట్టే అమ్మలకి వేరే దండం: రోజంతా మెల్లగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది.

చేతిలో కాఫీ గ్లాసు సన్నగా వణికితే మామూలే, డాక్టరుకి చెబితే చాలు. కాఫీ చొక్కా మీద ఒలికేంత వణుకు, ముద్దమాట, తూలే అడుగు, వాంతులు, విరేచనాలు వస్తే మామూలు కాదు. ఇంట్లో మాత్రం ‘మళ్లీ తాగొచ్చాడు’ అని తలుపు గొళ్లెం పెడతారు, లేదా ‘వేడి చేసింది’ అని పడుకోబెడతారు. చెయ్యాల్సింది తర్వాతి మాత్ర ఆపి ఆ పూటే ఆసుపత్రికి తేవడం. లెవెల్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తాం. బాగా ఎక్కిపోతే డయాలిసిస్సే.

ఇక పెళ్లిచూపుల వాళ్ల కంటబడకూడదని మాత్రల డబ్బాతో పాటు మాత్రలూ మాయం చేసే పెద్దలున్నారు. హఠాత్తుగా మానేస్తే శుభలేఖలు అచ్చయ్యేలోపే మేనియా తిరగబెట్టవచ్చు. మానాల్సి వస్తే డాక్టరు చూస్తుండగా వారాలు, నెలల మీద తగ్గించుకుంటూ రావాలి.

ఇట్లు,
నైట్ డ్యూటీ సిస్టర్లు

తా.క.: లెవెల్ 2 దాటిందని రిపోర్టు వచ్చి, రోగి మాత్రం మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటుంటే, ముందు ట్యూబు మూత చూస్తాం. ఆకుపచ్చ మూత ట్యూబులు చాలావాటిలో రక్తం గడ్డకట్టకుండా వేసేది లిథియం హెపారినే, అందులోని లిథియమూ లెక్కలో కలిసిపోతుంది. ఎర్రమూత ట్యూబులో మళ్లీ తీసి పంపుతాం.