ఖాళీ పెన్‌డ్రైవ్ ఉన్న ఇల్లు

కంప్యూటర్ నిక్షేపంలా పనిచేస్తున్న రోజున దాని పక్కనే కూర్చుని, దాని చావుకు ఏర్పాట్లు చూసుకోమని చెప్పిన శాస్త్రమంటే నాకు అపారమైన గౌరవం. ఆ శాస్త్రానికి రికవరీ డ్రైవ్ అని పేరు. ఈ మధ్య కొందరు బుద్ధిమంతులు దాన్ని ఎద్దేవా చేయడం మొదలుపెట్టారు. మొరాయించిన యంత్రాన్ని లేపడానికి కావలసిన సరంజామా అంతా అది మొరాయించకముందే, దాని చేతే ఒక పెన్‌డ్రైవ్‌లో తయారు చేయించుకోవాలట. రోగం లేనివాడికి మాత్రమే మందు ఇచ్చే వైద్యం ఎక్కడైనా ఉందా అని వాళ్ల అభ్యంతరం. పైకి సబబుగానే కనిపిస్తుంది. లోతుగా ఆలోచించని మాటలన్నీ పైకి సబబుగానే కనిపిస్తాయి. అందుచేత ఈ ఏర్పాటును సమర్థించే భారం, ఇంకెవరూ ముందుకు రాలేదు కనుక, నా నెత్తిన వేసుకుంటున్నాను.

ముందు విధానం. విండోస్‌లో వెతికే చోట రికవరీ డ్రైవ్ అని కొడితే ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. సిస్టమ్ ఫైళ్లను కూడా డ్రైవ్‌లోకి ఎక్కించమంటారా అని అడుగుతుంది. వద్దంటే మరమ్మతు పనిముట్లు మాత్రమే వస్తాయి. సరేనంటే విండోస్‌ను మొదటి నుంచి మళ్లీ ఎక్కించగలిగినంత సరుకు వస్తుంది. దానికి కనీసం 16 జీబీ పెన్‌డ్రైవ్ ఉండాలి. ఆ తరువాత ఒక హెచ్చరిక: ఈ డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఈ శాస్త్రం సగం ఇళ్లలో ఆ వాక్యం దగ్గరే ఆగిపోతుందని నా అనుమానం.

బిడ్డను బతికించమని వచ్చిన తల్లిని బుద్ధుడు చావు ఎరగని ఇంటి నుంచి కాసిని ఆవాలు తెమ్మని పంపాడని కథ. ఈ కాలంలో అయితే ఖాళీ పెన్‌డ్రైవ్ ఉన్న ఇంటికి పంపేవాడు. మా ఇంట్లో సొరుగులన్నీ లాగితే ఏడు పెన్‌డ్రైవ్‌లు బయటపడ్డాయి. ఒకదానిలో పెళ్లి వీడియో ఉంది. పెళ్లయిన దగ్గర నుంచి దాన్ని ఎవరూ చూడలేదు గాని, చెరిపేద్దామా అని నేను అడిగిన తీరును నా భార్య విడాకుల ప్రతిపాదనగా స్వీకరించింది. ఇంకొకటి ఏదో సదస్సులో చేతిలో పెట్టింది, 2 జీబీ. దాని మీద సదస్సు పేరు తప్ప మరేమీ పట్టదు. మూడోదాన్ని ఏ కంప్యూటరూ గుర్తించదు. మరి ఎందుకు దాచామంటే, ఎప్పటికైనా గుర్తిస్తుందేమోనని. నాలుగోది గుచ్చిన రెండు నిమిషాలకే వేడెక్కుతుంది. మిగిలిన మూడింటిలో ఏముందో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే వాటిని చెరపడానికి ఎవరూ ఒప్పుకోలేదు. తెలిసినవాటిని వదులుకునే మనుషులను చూశాను గాని, తెలియనిదాన్ని వదులుకునే మనిషిని ఇంతవరకు చూడలేదు.

చివరికి కొత్తది కొన్నాం. అది ఇంటికి చేరిన గంటలోనే అందులోకి ఎవరో పాటలు ఎక్కించారు. నేను వాటిని నిర్దాక్షిణ్యంగా చెరిపేశాను.

ఈ తరం వాళ్లకు పెన్‌డ్రైవ్ ఒక్కటే తెలుసు. పూర్వపు వైభవం వేరు. 1995లో వచ్చిన విండోస్ 95ను ఫ్లాపీల మీద కొనుక్కున్నవాళ్ల చేతికి 13 ఫ్లాపీలు వచ్చేవి. పన్నెండూ సజావుగా ఎక్కి పదమూడోది మొండికేస్తే కలిగే వైరాగ్యం ఏ ఆశ్రమంలోనూ దొరకదు. అత్యవసరానికి ఒక స్టార్టప్ డిస్క్ చేసుకోమని ఆ విండోస్ తనే అడిగేది, 1.44 ఎంబీ ఫ్లాపీ ఒక్కటి సరిపోయేది. తరువాత కంప్యూటర్‌తో పాటు సీడీ ఇచ్చే రోజులు వచ్చాయి. ఆ తరువాత కంపెనీలకు సీడీ కూడా బరువనిపించింది. హార్డ్ డిస్క్‌లోనే ఒక మూల రహస్య పార్టిషన్ చేసి అందులో రికవరీని పెట్టి, కావాలంటే మీరే డీవీడీల మీద రాసుకోండని చెప్పాయి. కొన్ని కంపెనీలైతే ఆ డీవీడీలను ఒక్కసారే రాయనిచ్చేవి. మధ్యలో ఒకటి చెడిపోతే అంతే సంగతులు.

ఆ రహస్య పార్టిషన్ ఇప్పటికీ ఉంది. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అదే. ఇంటి తాళానికి మారు చెవి చేయించి, ఆ చెవిని ఇంటి లోపలే మేకుకు తగిలించి, బయటికి వచ్చి తలుపు లాగేసుకోవడం లాంటిది. విండోస్ ఒక్కటే దెబ్బతిని డిస్క్ బాగుంటే ఈ పార్టిషన్ ఆదుకుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. డిస్కే పోతే మాత్రం రోగితో పాటు వైద్యుడూ వెళ్లిపోతాడు. ఒంటరిగా వదలకపోవడం సంస్కారం కాదా?

పైగా ఆ వైద్యుడి ఆరోగ్యం కూడా మనమే చూసుకోవాలి. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఈ రికవరీ గదిలోని ఒక భద్రతా లోపాన్ని సరిచేయడానికి విండోస్ 10కు ఒక అప్‌డేట్ పంపింది. చాలా కంప్యూటర్లలో అది లోపలికి వెళ్లలేకపోయింది, ఎందుకంటే ఆ గదిలో చోటు లేదు. 250 ఎంబీ ఖాళీ కావాలి. తెర మీద కనిపించిన దోష సంకేతం చివర 80070643 అని ఉంది తప్ప, అయ్యా గది ఇరుకుగా ఉంది అని ఎక్కడా లేదు. పరిష్కారంగా, సాధారణ గృహస్థులు నల్ల తెర తెరిచి, ఆదేశాలు ఒక్కొక్కటిగా కొట్టి, ప్రధాన పార్టిషన్‌ను కాస్త కుదించి, రికవరీ పార్టిషన్‌ను చెరిపి, పెద్దదిగా మళ్లీ కట్టుకోవచ్చని సూచించారు. మంచం పొడుగు చాలకపోతే ఇంటి గోడ జరుపుకోమన్నట్టు. నేను దీన్ని ప్రజల మీద ఉంచిన నమ్మకంగా భావిస్తున్నాను.

2025 అక్టోబర్ ఇంతకంటే గొప్పది. 14వ తేదీన విండోస్ 10కు మద్దతు ముగిసింది. అందరూ విండోస్ 11కు రండి అని పిలిచిన ఆ రోజే విండోస్ 11కు వచ్చిన అప్‌డేట్ తరువాత, రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డూ మౌసూ పనిచేయడం మానేశాయి. విండోస్ లోపల అవి చక్కగా పనిచేశాయి. రికవరీలోకి వెళితేనే నిశ్చేష్టత. అంటే కంప్యూటర్ బాగున్నప్పుడు దాన్ని బాగు చేయమని చెప్పగలం, పాడైనప్పుడు చెప్పలేం. తెర మీద నీలిరంగులో మరమ్మతు మార్గాలన్నీ వరసగా కనిపిస్తూ ఉంటాయి, మనం చూస్తూ ఉంటాం. ఆరు రోజుల తరువాత అత్యవసర అప్‌డేట్ పంపి దీన్ని సరిచేశారు. ఆ ఆరు రోజుల్లో ఎంతమంది ధ్యానంలోకి వెళ్లారో లెక్క తీసినవారు లేరు.

మాక్ వాడేవారు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. 2011 నుంచి వచ్చిన ఇంటెల్ చిప్ మాక్‌లు డిస్క్‌లో ఏమీ లేకపోయినా ఇంటర్నెట్ నుంచి తమను తామే దింపుకోగలవు. నెట్ ఉన్నంతసేపూ నవ్వవచ్చు. లైనక్స్ వాడేవారు నవ్వరు, ఉపన్యసిస్తారు. అన్నీ ఒక్క ఆదేశంతో అయిపోతాయంటారు. నిజమే. పెన్‌డ్రైవ్ పేరు బదులు పొరపాటున హార్డ్ డిస్క్ పేరు కొడితే, అదీ ఆ ఒక్క ఆదేశంతోనే అయిపోతుంది. ఆ ఆదేశం పేరు డీడీ, ఆ రెండు డీలకు డిస్క్ డిస్ట్రాయర్ అని వాళ్లే ముద్దుగా అర్థం చెప్పుకుంటారు.

రికవరీ డ్రైవ్ చేసుకోకపోతే ప్రాణం పోయినట్టేమీ కాదు. ఇంకొకరి కంప్యూటర్ మీద 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఇన్‌స్టాల్ డ్రైవ్ చేసుకోవచ్చు. అందుకు కావలసిన ఉపకరణాన్ని మైక్రోసాఫ్ట్ ఉచితంగానే ఇస్తుంది. విండోస్ మొత్తాన్ని ఒకే మూటగా కట్టిన ఐఎస్ఓ ఫైలును దింపి అలాగే పెన్‌డ్రైవ్‌లో పడేసి, బూట్ కావడం లేదని, అంటే దాని నుంచి కంప్యూటర్ లేవడం లేదని వాపోయేవారూ ఉన్నారు. వైద్య గ్రంథం కొని దిండు కింద పెట్టుకుంటే జ్వరం తగ్గదు. ఆ ఫైలును బూట్ అయ్యే పద్ధతిలో డ్రైవ్ మీద రాయాలి. తీరా రాద్దామని కూర్చుంటే, సాధారణంగా డ్రైవ్‌ను సిద్ధం చేసే ఫ్యాట్32 పద్ధతిలో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఆ ఉపకరణం ఇవన్నీ తనే చూసుకుంటుంది. స్వయంకృషి అభిమానులు మాత్రం ఒక సాయంత్రం ఖాళీ చేసుకోవాలి.

అసలు విషయానికి వస్తాను. ఈ డ్రైవ్‌లో మన ఫొటోలు ఉండవు. ఉత్తరాలు ఉండవు. మనం ఎక్కించుకున్న ప్రోగ్రాములూ ఉండవు. ఉండేది విండోస్. ప్రపంచంలో ఎవరడిగినా దొరికే వస్తువును 16 జీబీల చోటు ఇచ్చి పదిలపరుస్తుంది. మన దగ్గర తప్ప ఇంకెక్కడా లేనిదాన్ని ముట్టుకోదు. దీన్ని లోపమని కొందరంటారు. నాకిది పునర్జన్మ సిద్ధాంతంలా కనిపిస్తుంది. జీవుడు మళ్లీ పుడతాడు, పూర్వజన్మ స్మృతి మాత్రం ఉండదు. డ్రైవ్ నుంచి పునరుద్ధరించు అన్న మాట నొక్కగానే కంప్యూటర్ కొనుక్కున్న రోజు ఉన్నంత పసిపాపగా మారి, మీ పేరేమిటి, ఏ భాష మాట్లాడతారు అని అడుగుతుంది. ఇన్నేళ్లు కలిసి బతికిన మనిషిని!

ఇంకా ఒక మెట్టు ఉంది. ఈమధ్య కంప్యూటర్లలో డిస్క్‌కు తాళం తనంతట తానే పడి ఉంటుంది. బిట్‌లాకర్ అంటారు. రికవరీకి వెళితే 48 అంకెల తాళంచెవి చెప్పమంటుంది, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. తాళం వేసినట్టే తెలియని గృహస్థుకు తాళంచెవి ఎక్కడిది? సాధారణంగా అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఆ ఖాతా పాస్‌వర్డ్ కంప్యూటర్‌లో ఉంటుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. అవి ఇళ్లవి కావు, ఎక్కువగా సంస్థలవి. చికిత్స చూస్తే ఒకే ఒక ఫైలు చెరపడం. అయితే ఒక్కొక్క యంత్రం దగ్గరికి మనిషి వెళ్లి, తాళం ఉన్నచోట 48 అంకెలూ కొట్టి చెరపాలి. జీతాలిచ్చి నిపుణులను పెట్టుకున్నవారికే ఆ అంకెల కోసం సొరుగులు వెతకాల్సి వస్తే, మనలాంటివాళ్లం సిగ్గుపడనవసరం లేదు. నేను మాత్రం జాగ్రత్తపరుణ్ణి. ఆ అంకెలను కాగితం మీద రాశాను, ఆ కాగితం పోతుందేమోనని ఫొటో తీశాను, ఆ ఫొటోను కంప్యూటర్‌లో భద్రపరిచాను.

డ్రైవ్ ఉంది, అంకెలున్నాయి అనుకుందాం. ఇక పెన్‌డ్రైవ్ నుంచి లేవమని కంప్యూటర్‌కు చెప్పాలి. దానికో మీట ఉంది. ఒక కంపెనీకి ఎఫ్12, ఇంకొక కంపెనీకి ఎఫ్9, మరొకరికి ఎస్కేప్, లేదంటే ఎఫ్2 లేక డిలీట్ నొక్కి లోపలికి వెళ్లి వరస మార్చుకోవాలి. స్విచ్ వేశాక ఆ మీటను అందుకోవడానికి ఉండే వ్యవధి రెండు మూడు సెకన్లు. ఆ క్షణాన కీబోర్డు మీద మృదంగం వాయిస్తున్న మనిషిని చూసి ఎవరూ నవ్వకూడదు. అతను తన బతుకులోని ఫొటోల కోసం వాయిస్తున్నాడు, అవి ఆ డ్రైవ్‌లో లేవని తెలియక.

డ్రైవ్‌ను ఏడాదికి ఒకసారి కొత్తగా చేసుకోవాలని మైక్రోసాఫ్ట్ సలహా. విండోస్ మారుతూ ఉంటుంది కనుక పాతది పాతబడిపోతుంది. బతికున్నవారికి ఏటేటా ఆబ్దికం పెట్టడం ఇంకెక్కడా లేదు. తయారు చేసుకున్నాక ఒకసారి దానితో బూట్ చేసి, తెర వస్తోందో లేదో చూసి, ఏదీ నొక్కకుండా వెనక్కి రావాలని తెలిసినవాళ్లు చెబుతారు. ఏదీ నొక్కకుండా అన్నది ముఖ్యం. పరీక్షగా నొక్కినా, ప్రాణం మీదికి వచ్చి నొక్కినా పసిపాపే పుడుతుంది.

ఇన్ని తెలిసిన నేను ఒక ఆదివారం కూర్చుని రికవరీ డ్రైవ్ చేశాను. గంటకు పైగా పట్టింది. ఆకుపచ్చ గీత పాకుతున్నంతసేపూ కంప్యూటర్‌ను ఎవరినీ తాకనివ్వలేదు. పూర్తయ్యాక డ్రైవ్ మీద తెల్ల చీటీ అతికించి, ఎర్ర సిరాతో ముట్టుకోవద్దు అని రాసి, సొరుగులో మిగిలిన ఏడింటికీ దూరంగా పెట్టాను. నెల తిరగకుండా, ఒక అర్ధరాత్రి, కంప్యూటర్ లేవనని మొండికేసింది. నేను నవ్వుకుంటూ వెళ్లి డ్రైవ్ తీసి, గుచ్చి, ఎఫ్12 మీద మృదంగం వాయించాను. తెర నల్లగానే ఉంది. మళ్లీ వాయించాను. చివరికి పక్క గదిలోని ల్యాప్‌టాప్‌కు గుచ్చి చూస్తే అందులో ఒకే ఒక ఫైలు ఉంది. హాల్‌టికెట్. 212 కేబీ.

మా అబ్బాయిని లేపి అడిగాను.

"ప్రింటు తీయించాలంటే ఖాళీది ఒక్కటీ దొరకలేదు నాన్నా" అన్నాడు కళ్లు నులుముకుంటూ. "దీన్ని తెరిచి చూశాను. అందులో మనవి ఏమీ లేవు. అందుకని తీసేశాను."

చీటీ మాత్రం అంటించింది అంటించినట్టే ఉంది.